చప్పట్లు కొట్టకూడని ఉద్యోగం

పోలీసు శాఖలో పనిచేశానంటే జనం లాఠీ గురించి అడుగుతారు. లాఠీ నా చేతిలో ఉన్నది మొదటి నాలుగేళ్ళే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా చేతిలో ఉన్నది పెన్ను. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఎవరు సభ పెట్టినా, ఊరేగింపు తీసినా, ధర్నాకు కూర్చున్నా అక్కడికి మామూలు బట్టల్లో వెళ్ళాలి. ఎవరేం మాట్లాడారో రాసుకోవాలి. సాయంత్రానికి పైవాళ్ళకు రిపోర్టు పంపాలి. అదే నా పని.

ఈ మధ్య ఆ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి ఎలా చేయాలని అడిగారు. ఫోన్లో చెప్పగలిగింది చెప్పాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఫారాలు ఎలా నింపాలో, ఎవరికి కాపీ పంపాలో మీ ఆఫీసులో నేర్పిస్తారు. నేను దాని జోలికి పోను.

ముందే ఒక సంగతి తెలుసుకోండి. ఇది ఒంటరి ఉద్యోగం. వేలమంది మధ్యలో కూర్చుంటారు, కానీ ఎవరితోనూ కలిసి ఉండరు. అందరూ నవ్వినప్పుడు నవ్వకూడదు. చప్పట్లు కొట్టకూడదు. మొదట్లో అది సభ వరకే అనుకుంటాం. కొన్నేళ్ళకు అది పెళ్ళి పందిళ్ళలోకి, టీ అంగళ్ళలోకి కూడా మన వెంట వస్తుంది. మనం బెంచీ మీద కూర్చోగానే అప్పటిదాకా రాజకీయం మాట్లాడుతున్నవాళ్ళు వానల గురించి మొదలుపెడతారు. మా ఆవిడ షంషాద్ బతికున్న రోజుల్లో అనేది: "నువ్వొస్తే మా పుట్టింట్లో కూడా రేడియో ఆపేసినట్లుంటుంది."

సుబ్బరాయుడు సార్

నాకు పని నేర్పింది సుబ్బరాయుడు సార్, మా ఇన్‌స్పెక్టరు. మొదటి రిపోర్టు తీసుకెళ్ళి ఇచ్చినప్పుడు ఆయన చదివి బల్ల మీద పెట్టారు.

"జనం ఎంతమంది వచ్చినారో రాసినావు. చప్పట్లు ఎన్నిసార్లు కొట్టినారో రాసినావు. గమ్మునెప్పుడున్నారో రాయలేదే?" అన్నారు.

"గమ్మునుంటే రాయడానికి ఏముంటుంది సార్?"

"చప్పట్లు కొట్టించడానికి మనుషుల్ని పెట్టుకుంటారు మస్తాన్. గమ్మునుండమని ఎవురూ మనుషుల్ని పెట్టుకోరు. ఏ మాటకు జనం దగ్గడం కూడా మానేసినారో అది రాయి."

అప్పటి నుంచి నా నోటుబుక్కులో అంచున చిన్న సున్న పెట్టేవాణ్ణి. సున్న ఉన్నచోట సభ నిశ్శబ్దమైందని గుర్తు. ఎంతోమంది పెద్ద పెద్ద నాయకుల ప్రసంగాలు రాశాను. చాలా పేజీల్లో ఒక్క సున్న కూడా లేదు.

కాలవ గట్టు మీద

ఒకే సభలో ఎక్కువ సున్నలు పెట్టింది ఓబులేసుకు. అతను ఒక ప్రైవేటు బస్సులో కండక్టరుగా పనిచేసి మానేసినవాడు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆళ్లగడ్డ అవతల కాలవ కింద చివరన ఉన్న ఊరు అతనిది. ఆ ఏడు కాలవలో నీళ్ళు చివరి ఊళ్ళదాకా రాలేదు. వరి ఎండుతోంది. గట్టు మీద రెండు వందలమంది కూర్చున్నారు. మైకు లేదు. అతను లేచాడు.

"మా నాయన ఈ కాలవ నీళ్ళతోనే వరి పండించె. ఊర్లో ఎవురికన్నా తగాదా వస్తే మా నాయన కాడికి వస్తాండిరి. మంచం మీద కూసోబెట్టి, మజ్జిగిచ్చి, మాట్లాడి పంపిస్తాండె. ఈ పొద్దు నేను ఆఫీసుకు పోతే నా మొగం సూసేటోడు లేడు. ఆ కిటికీ కాడికి పో అంటాడు ఒగడు, ఈ కిటికీ కాడికి పో అంటాడు ఇంగొగడు. నాకు నీళ్ళు కావాల. నీళ్ళకన్నా ముందు, నన్ను కూసోబెట్టి మాట్లాడేటోడు కావాల."

అక్కడ మొదటి సున్న పెట్టాను. ఎండాకాలం మధ్యాహ్నం, రెండు వందలమంది, ఒక్కరు కదల్లేదు.

తర్వాత నెల రోజులకే అది పెద్ద ఉద్యమమైంది. 'ఊరి పెద్దరికం' అని పేరు పెట్టుకున్నారు. ఊరి మాట ఊర్లోనే తేలాలి, ఆఫీసుల్లో పని చేయిస్తామని డబ్బు గుంజే బ్రోకర్లు పోవాలి, పెద్దవాళ్ళకు పాత మర్యాద తిరిగి రావాలి. అంతే వాళ్ళు అడిగింది. ఒక సభలో ఓబులేసు పీర్ల పండగ గురించి మాట్లాడాడు. కులమూ మతమూ లేకుండా ఊరంతా కలిసి అగ్గిగుండం తొక్కిన రోజుల గురించి చెప్పాడు. మా జేజినాయన, అంటే మా తాత, పీరు ఎత్తుకున్న మనిషి. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నానే గాని, ఆ నిమిషంలో ఏమీ రాయలేకపోయాను.

అప్పుడే ఓబులేసు నా వైపు చెయ్యి చూపించాడు. "ఆ మూల కూసున్న మస్తానప్ప గవర్నమెంటు మనిషి. అయినా మనోడే. రాసుకో అప్పా, బాగా రాసుకో!"

జనం నా వైపు తిరిగి నవ్వారు. ఎగతాళి కాదు, ఇష్టంగానే నవ్వారు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక సభలో నా పేరు వినపడటం అదే మొదటిసారి. ఇది మీకు దాచకుండా చెప్పాలి, ఎందుకంటే నా తప్పు అక్కడే మొదలైంది.

ఆచారన్న కొట్టం

ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే బ్రహ్మయ్య ఆచారి నాకున్న ఒకే ఒక స్నేహితుడు. సభ డ్యూటీకి ముందుగా వెళితే ఆయన కొట్టంలో కూర్చునేవాణ్ణి. సగం చెక్కిన విగ్రహాల మధ్య ఒక చెక్క పీట వేసేవాడు. నా ఉద్యోగం ఏమిటో తెలిసి కూడా నా ముందర నోరు కట్టుకోని మనిషి ఆయనొక్కడే.

ఆయన ఆ ఉద్యమంలో చేరాడు. ఎందుకని అడిగాను.

"మా తాత గుడి కట్టినాడంటే ఆ ఊరోళ్ళు ఎద్దులబండి కట్టి తోలకపోయి తోలకొస్తాండిరి అప్పా. ఈ పొద్దు ఫోన్లో ఫొటో పంపిస్తారు, ఇట్లాంటిది కావాల, ఎన్ని దినాలు పడతాదంటారు. రాయి సూడరు, నన్ను సూడరు. మిషన్తో కోసినా, సేత్తో సెక్కినా వాళ్ళకు ఒగటే. ఓబులేసు సభలో నన్ను పైకి పిలిసి కూసోబెట్నాడు. అంతే."

ఆయన్ని నేను తప్పు పట్టలేను. పట్టకూడదు కూడా. ఆ ఉద్యమం మంచి చేసింది. మూడు రోజులు కాలవ తూము దగ్గర వంటలు చేసుకుని కూర్చున్నారు. ఒక ఆఫీసరు వచ్చి, వాళ్ళతోపాటు నేల మీద కూర్చుని మాట్లాడాడు. నీళ్ళు వచ్చాయి. పదకొండేళ్ళు కోర్టుకు తిరిగిన అన్నదమ్ముల తగాదాను ఊరి పెద్దలు ఒక్క మధ్యాహ్నంలో తేల్చారు. ఆ అన్న తమ్ముణ్ణి పట్టుకుని ఏడవడం నేను చూశాను. పట్నంలో కూర్చుని ఇలాంటి ఉద్యమాలను వెనకబాటుతనం అని కొట్టిపారేసేవాళ్ళు ఆ ఏడుపు చూడలేదు.

సుంకమ్మ అడిగిన మాట

చివరి ఊరి బడి ఆవరణలో పెద్ద సభ జరిగింది. ఓబులేసు మాట్లాడటం అయిపోయింది. ఆడవాళ్ళు కూర్చున్న వెనక వైపు నుంచి ఒకామె లేచింది. నలభై ఏళ్ళుంటాయి. పేరు సుంకమ్మ అని పక్కవాళ్ళు చెప్పారు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, కాలవ కింద ఎకరన్నర ఉంది. ఆ ఎకరన్నర తనదని మరిది అంటున్నాడు. ఆమె కోర్టుకు పోయింది. కోర్టు వద్దు, ఊర్లోనే తేలుస్తామని పెద్దలు అన్నారు. పాత పద్ధతి ప్రకారం భూమి మరిదికి, తిండి గింజలు ఆమెకు అని తేల్చారు. ఆమె ఒప్పుకోలేదు.

"ఓబులేసన్నా, ఒగ మాట అడగల్ల."

"అడుగమ్మా."

"పాత కాలం మళ్ళా తెస్తామంటాండారు. ఆ కాలంలో పంచాయితీ జరుగుతాంటే ఆడోళ్ళు యాడ కూసుంటాండిరి?"

ముందు వరసలో ఒక పెద్దాయన "ఇంట్లో" అన్నాడు. జనం నవ్వారు.

ఆమె నవ్వు తగ్గేదాకా ఆగింది. "అట్లయితే నా మాట ఎవురు చెప్తారు? నా మొగుడు చెప్పల్ల. ఆయప్ప సచ్చిపాయె. ఆయప్ప తర్వాత ఆయప్ప తమ్ముడు చెప్పల్ల. ఆ తమ్ముడే నా భూమి కావాలంటాండాడు. ఇంగ నా మాట చెప్పేటోడు ఎవురన్నా?"

నేను సున్న పెట్టాను. ఆ రోజు మొత్తంలో అదొక్కటే.

ఓబులేసు చెడ్డవాడు కాదు. అతని మొహంలో ఇబ్బంది నాకు కనిపించింది. కానీ అతను ముందు వరస వైపు చూశాడు. ఆ పెద్దలు లేకపోతే అతని వెనక ఊళ్ళు లేవు. "ఇంటి మాట సభలో తీయగూడదమ్మా. పెద్దోళ్ళు చెప్పినట్ల ఇను. నీకు అన్యాయం జరగదు" అన్నాడు. చప్పట్లు మోగాయి.

జనం లేస్తుండగా ఆ ముందు వరస పెద్దాయన మైకు అందుకుని, పెద్ద సంగతేమీ కానట్లుగా అన్నాడు: "మాట ఇనేదాకా ఆ యమ్మ సేన్లోకి ఎవురూ పోవద్దండప్పా."

అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.

నేను పంపిన రిపోర్టు

సాయంత్రం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. నీళ్ళ గురించి రాశాను, వచ్చే నెల చేయబోయే పాదయాత్ర గురించి రాశాను. చివర్లో 'సభ ప్రశాంతంగా ముగిసింది' అని రాశాను. సుంకమ్మ పేరు లేదు. పెద్దాయన మాట లేదు.

ఎందుకు వదిలేశానని చాలాసార్లు నన్ను నేను అడిగాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం, అది ఒక ఇంటి తగాదా, శాంతిభద్రతల సంగతి కాదని. అసలు కారణం వేరు. ఆ సభలో నా పేరు పలికారు. ఆచారన్న వేదిక మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళ గురించి చెడ్డమాట పైకి వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక్కసారి ఎవరో మనోడన్నందుకు నా కలం పక్కకు ఒరిగింది.

కోతల కాలంలో సుంకమ్మ నంద్యాలకు వచ్చి మా ఆఫీసు గేటు బయట నన్ను పట్టుకుంది. పొద్దున పదకొండయి ఉంటుంది. చెమటతో ముఖం తడిసిపోయి ఉంది.

"వరి పండి పదైదు దినాలాయె సార్. కూలోళ్ళు రారు. కోత మిషనాయప్ప వస్తానని సగం దావలో మళ్ళుకొని పాయె. గింజ రాలిపోతాంది. ఎవురూ పోవద్దని సభలో చెప్పినారని ఆర్డీవో సార్‌కు అర్జీ ఇచ్చినా. పెద్దోళ్ళనడిగితే అట్ల ఎవురూ చెప్పలేదంట. నాకు మతి లేదంటాండారు. ఆ పొద్దు మీరు ఆడ కూసుని రాసుకుంటాండిరి, నేను సూసినా. రాసినారా, లేదా?"

"రాసినా" అన్నాను.

"అంతే కావాల" అంది. వెళ్ళి గోడ నీడన కూర్చుంది.

లోపలికి వెళ్ళి సుబ్బరాయుడు సార్ ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన నోటుబుక్కు అడిగారు. నేను పంపిన రిపోర్టు కాపీ తెప్పించారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివారు.

"రెండూ నువ్వే రాసినావా?"

"అవును సార్."

"నోటుబుక్కు రాసినోడు మంచి పనోడు" అన్నారు. రెండోవాడి గురించి ఏమీ అనలేదు. ఆయన తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదు.

ఆ నోటుబుక్కు ఆర్డీవో విచారణకు వెళ్ళింది. నేను వెళ్ళి ఆ పెద్దాయన మాటలు చదివి వినిపించాను. నలుగురు కానిస్టేబుళ్ళను కాపలా పెట్టి సుంకమ్మ పొలం కోయించారు. అప్పటికి సగం గింజ నేల పాలైంది. తర్వాత రెండేళ్ళకు కోర్టులో భూమి ఆమెకే వచ్చింది. కోర్టు దగ్గర కనిపించినప్పుడు మంచి కబురు విన్నానన్నాను. ఆమె నాకు దండం పెట్టలేదు.

"ఆ పొద్దే చెప్పింటే పంట కూడా వచ్చిండేది సార్" అంది.

ఆచారన్న మాట

విచారణ అయిన వారానికి ఆళ్లగడ్డకు వెళ్ళాను. కొట్టంలో ఆచారన్న ఉలికి పదును పెడుతున్నాడు. పీట వేయలేదు. నేను నిలబడే మాట్లాడాను.

"ఆ యమ్మకు అన్యాయం జరిగింది కదన్నా."

"జరిగింది. కాదన్లే. నాకు చెప్పింటే పెద్దోళ్ళతో మాట్లాడతాంటి."

"మాట్లాడేటోడివా?"

ఆయన రాయి మీద ఉలి ఆడించాడు. "ఏమో. నన్ను పైన కూసోబెట్టినోళ్ళ మీద నోరు లేస్తాండెనో లేదో" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. "నువ్వు రాసుకునేటోడివని నాకు తెలుసు మస్తానప్పా. కానీ మా పక్కన కూసుని రాస్తాండావనుకుంటి. మా మీద రాస్తాండావని అనుకోలే. ఇంగ రావద్దు."

నేను చేసింది సరైన పని. అందులో నాకు అనుమానం లేదు. సరైన పని చేసి ఇంటికొచ్చినవాడికి మాట్లాడటానికి ఎవరో ఒకరు ఉంటారని మనం అనుకుంటాం. ఉండాలన్న నియమం ఏమీ లేదు. అప్పటికే షంషాద్ పోయింది. ఆ వారం ఇంట్లో నా గొంతు నేను విన్నది నమాజులోనే.

నీళ్ళు ఎవరికి

ఊరి పెద్దరికం ఉద్యమాన్ని సుంకమ్మ పడగొట్టిందని కొందరు అంటారు. అది నిజం కాదు. ఆమె తర్వాత కూడా సభలు నిండాయి. అది పడిపోయింది నీళ్ళ దగ్గరే.

మరుసటి ఏడు కాలవలో నీళ్ళు తక్కువ వచ్చాయి. కాలవ ఎగువన ఉన్న పై ఊరివాళ్ళు అడ్డుకట్ట వేసి తమ పొలాలకు మళ్ళించుకున్నారు. చివరి ఊరికి రాలేదు. రెండు ఊళ్ళూ ఉద్యమంలో ఉన్నవే. ఓబులేసు రెండు ఊళ్ళనూ పిలిచి సభ పెట్టాడు. తిట్టడానికి ఎదురుగా ఆఫీసరు లేడు. బ్రోకరు లేడు. ఇద్దరూ మనవాళ్ళే.

"మనమంతా ఒగటే" అన్నాడు ఓబులేసు.

చివరి ఊరి రైతు ఒకతను లేచాడు. "ఒగటే అయితే నీళ్ళు ఎవురికన్నా?"

పై ఊరి పెద్దలు, తమ ఊరు ముందు నుంచీ పెద్ద ఊరని, ముందు నీళ్ళు తమకేనని, అదే పాత మర్యాద అని అన్నారు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. పాత కాలంలో అలాగే జరిగేది. చివరి ఊరివాళ్ళు ఆ పాత కాలం గురించి అంతకుముందు ఎప్పుడూ అంత వివరంగా ఆలోచించలేదు. అరుపులు మొదలయ్యాయి. కుర్చీలు లేచాయి. ఆ తర్వాత ఆ ఉద్యమం పేరుతో ఇంకో సభ జరగలేదు.

చాలా రోజుల తర్వాత ఓబులేసును డోన్ రైల్వే స్టేషన్లో చూశాను. ఒక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ మనుషులు లేకుండా అతన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఎదురుగా ఆఫీసరున్నంత కాలం నాకు మాట ఊరతాండె అప్పా" అన్నాడు. "ఇద్దరూ మనోళ్ళే అయ్యేసరికి నాకు నోరు రాలే. నాకు తెలిసిందల్లా అరవడమే. పంచిపెట్టేది నాకు తెల్దు."

నేను రాసుకోలేదు. రాయాల్సిన డ్యూటీ కాదది. అయినా అంత నిజాయితీగా మాట్లాడిన నాయకుణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు.

నాకు తెలిసినంతలో

మీరు ఇలాంటి సభలకు చాలా పోతారు. ఇప్పుడు ప్రతివాడి చేతిలో ఫోన్ ఉంది, ప్రసంగం మొత్తం రికార్డవుతుంది. ఎవరేమన్నారన్నది మీరు రాయకపోయినా దొరుకుతుంది. జనం ఎందుకు వచ్చారన్నది మాత్రం మీరే రాయాలి.

వాళ్ళను ఎవరో మోసం చేసి తీసుకొచ్చారని రాయకండి. ఎక్కువమంది తమ కాళ్ళతో తామే వస్తారు. ఎక్కడో ఒక కిటికీ ముందు తల వంచుకుని నిలబడి వచ్చినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ యాసలో, వాళ్ళ పేరు పెట్టి పిలిచే మనిషి కోసం వస్తారు. ఆ ఆకలి నిజమైనది. దాన్ని వెక్కిరించిన రిపోర్టు తప్పుడు రిపోర్టు.

అలాగని పాత మర్యాద అన్న మాట వినగానే కరిగిపోకండి, నేను కరిగినట్టు. ఆ మర్యాదలో కొందరికి మంచం, కొందరికి నేల, కొందరికి గడప అవతల చోటు ఉండేది. వేదిక మీద నుంచి మాట్లాడేవాడికి మంచమే గుర్తుంటుంది. వెనక వరసల్లో ఎవరు లేచారో, లేచినవాళ్ళను ఎవరు కూర్చోబెట్టారో చూడండి. అది రిపోర్టులో మొదటి పేరాలో ఉండాలి.

ఎవరైనా మిమ్మల్ని మనోడు అంటే సంతోషించండి, తప్పు లేదు. ఆ రోజు రిపోర్టు మాత్రం రెండుసార్లు చదివి పంపండి.

రిటైరైన తర్వాత

రిటైరైన ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్సెక్కాను. పనేమీ లేదు. ఆచారన్న కొట్టంలో ఇప్పుడు రాళ్ళు కోసే మిషను పెట్టారు. నలుగురు పనివాళ్ళు పెద్ద గొంతుతో ఏదో ఎన్నికల సంగతి మాట్లాడుకుంటున్నారు. నేను గడప దాటగానే మాటలు ఆగిపోయాయి. మిషను చప్పుడు ఒక్కటే మిగిలింది.

ఆచారన్న జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లోపలికి పోయి పీట తెచ్చి వేశాడు.

"మాట్లాడుకోండ్రా" అన్నాడు పనివాళ్ళతో. "ఈయప్ప రిటైరైనాడు."

వాళ్ళు తలలూపారు. ఆచారన్న ఒక నంది మెడలో గంటలు చెక్కుతున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పులున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. తనకూ ఉన్నాయన్నాడు. టీ వచ్చింది, తాగాము. గంటసేపు గడిచి ఉంటుంది. ఆ గంటలో ఆ నలుగురిలో ఒక్కరి నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

నేను లేచాను. ఆచారన్న రోడ్డుదాకా నా వెంట వచ్చాడు. నంద్యాల బస్సు దూరంగా కనిపిస్తోంది.

"మళ్ళా రా అప్పా" అన్నాడు. కొట్టం వైపు ఒకసారి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు. "పొద్దున్నే రా. పనోళ్ళు రాకముందు."